పెదనాన్న మోకాలు, నా ర్యాంకు

శావల్యాపురం,
14 అక్టోబర్ 2024

కాబోయే డాక్టరు హిమజకు పెదనాన్న రాఘవయ్య ముందస్తుగా నమస్కారం పెట్టి రాస్తున్నది.

రేపు నువ్వు తెల్లకోటు వేసుకున్నాక నమస్కారం పెట్టాలంటే టోకెను తీసుకుని లైన్లో కూర్చోవాలి. అందుకే ఇప్పుడే పెట్టేశా. మీ హాస్టలువాళ్లు ఫోన్లు లాక్కుని మంచి పని చేశారు గానీ, ఆదివారం ఇచ్చే ఆ అయిదు నిమిషాలూ మీ అమ్మ "తిన్నావా, ఏం తిన్నావు, ఎందుకు తినలేదు" అనటానికే చాలట్లేదు. నా వంతు ఎప్పుడొస్తుందే? అందుకని కవరు కొన్నా. పోస్టాఫీసులో అమ్మాయి నన్ను మ్యూజియంలోంచి లేచొచ్చినట్టు చూసింది.

అసలు సంగతి. నీకు మూడో ర్యాంకు వచ్చిందని మీ నాన్న ఫోనుకి మెసేజి వచ్చింది. మా తమ్ముడి సంగతి తెలుసుగా, శుభవార్తయినా చావు కబురైనా ఫోను జేబులో పడేసి మిరప చేలోకి పోతాడు. నేనట్టా ఊరుకుంటానా? ఆ పూటే నరసరావుపేట పోయి ఫ్లెక్సీ కొట్టించా. "డాక్టర్ హిమజ గారికి హృదయపూర్వక అభినందనలు" అని బస్టాండు మొగదల్లో కట్టించా. నీ ఫోటో ఒకటి, నా ఫోటో కొంచెం పెద్దది. ఖర్చు పెట్టింది నేను కాబట్టి అందులో తప్పేం లేదు.

ఇక చూడు, జనం ఆగట్లేదు. టైలరు మీరా సాహెబుకి చెయ్యి భుజం పైకి లేవట్లేదంట, "పాపని అడుగన్నా" అని రోజూ వచ్చి కూర్చుంటున్నాడు. మీ పెద్దమ్మకి పొద్దున లేవగానే కళ్లు తిరుగుతున్నాయి. ఇద్దరికీ మందులు రాసి పంపు. బాగా చదువు.

ఇట్లు, డాక్టరు గారి పెదనాన్న హోదాలో,
రాఘవయ్య


విజయవాడ హాస్టలు,
21 అక్టోబర్ 2024

ఫ్లెక్సీల పెదనాన్నకు, ఇంకా ఏ డాక్టరూ కాని హిమజ తల పట్టుకుని రాస్తున్నది.

పెదనాన్నా, ఆ మూడో ర్యాంకు దేశంలో కాదు. రాష్ట్రంలో కాదు. మా కాలేజీలో కూడా కాదు. మా సెక్షన్లో. అది కూడా ఆ వారం పెట్టిన బోటనీ పరీక్షలో. నీట్ అనే అసలు పరీక్ష వచ్చే మే నెలలో ఉంది. ఇంటర్ అయ్యాక కూడా ఆ ఒక్క పరీక్ష కోసమే ఏడాదంతా చదవటాన్ని లాంగ్‌టర్మ్ అంటారు. నేను చేస్తున్నది రెండో లాంగ్‌టర్మ్. నీకు ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పానో! దయచేసి ఆ ఫ్లెక్సీ ఇవాళే దింపించు. శావల్యాపురంలో మళ్లీ మొహం ఎట్టా చూపించాలి నేను?

ఇక్కడ చదువు అంటే పుస్తకాన్ని నమిలి మింగటమే. బొమ్మల కింద ఉండే చీమకాళ్లంత అక్షరాలు కూడా వదలొద్దని జువాలజీ సారు. ఫిజిక్స్ సారు మాత్రం బోర్డు నిండా ఏదో గీకి, "ఇది మీకు తెలిసిందే కదా" అని చెరిపేస్తాడు. ఆ మాట విన్నప్పుడల్లా నా చెయ్యి చెప్పు వైపు పోతుంది. (మా ఉత్తరాలు వార్డెన్ మేడం చదివాకే పోస్టు చేస్తారు. మేడం, ఊరికే అన్నాను. మీరు చాలా మంచివారు.)

మీరా సాహెబు బాబాయి భుజం గురించి నాకు తెలిసింది ఇదీ: అక్కడ ఎముక గుండ్రంగా ఉండి గుంటలో తిరుగుతుంది, అన్ని వైపులా తిరగాలి. తిరగకపోతే ఏం చెయ్యాలో మా సిలబస్‌లో లేదు. కప్పకేమన్నా అయితే చెప్పండి, కప్ప గురించి మొత్తం వచ్చు. పెద్దమ్మని మాత్రం ఆలస్యం చెయ్యకుండా తీసుకెళ్లి బీపీ చూపించు.

ఇట్లు, నీ వల్ల నవ్వులపాలైన
హిమజ


నరసరావుపేట ఆసుపత్రి,
12 నవంబర్ 2024

హిమజకు, మంచం మీద కాలు చాపుకుని, వేరే గతిలేక పెదనాన్న రాస్తున్నది.

కంగారు పడమాక. బాత్రూంలో కాలు జారి పడ్డా. మోకాలిచిప్ప పగిలిందంట. ఆపరేషను చేసి వైరు వేసి బిగించారు. ఇప్పుడు నాలో ఇనుము ఉంది కాబట్టి మీ పెద్దమ్మ నన్ను కొంచెం గౌరవంగా చూడాలని చెప్పా. "తుప్పు పట్టకుండా చూసుకో" అంది.

పెద్దమ్మకి బీపీయే. మాత్రలు ఇచ్చారు. నువ్వు చెప్పింది నిజమైంది. ఏమే, మరి డాక్టరువి కాదంటావు?

ఇట్లు, వైరింగు పూర్తయిన
రాఘవయ్య


విజయవాడ హాస్టలు,
18 నవంబర్ 2024

బాత్రూంలో జారిపడ్డ పెదనాన్నకు హిమజ.

బాత్రూములో నిచ్చెన ఎందుకుంది పెదనాన్నా? ఆదివారం నాన్న అంతా చెప్పేశాడు. గాలికి ఫ్లెక్సీ ఒక మూల ఊడితే, నేను దింపమన్నదాన్ని నువ్వు నిచ్చెనెక్కి మళ్లీ కట్టబోయావంట. కిందున్నవాళ్లు వద్దంటే "నాకు చెబుతార్రా" అన్నావంట. ఫోను పెట్టేశాక చాలాసేపు నవ్వాను. తర్వాత మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నీకేమన్నా అయితే నా ఫోటో వల్లే కదా అనిపించింది.

మా పుస్తకంలో వెతికితే నీ మోకాలిచిప్ప గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. గిన్నె ఆకారంలో ఉండి మోకాలిని ముందువైపు కప్పుతుందని. అంతే. పగిలితే ఏంటి, మళ్లీ మనిషి నేల మీద ఎట్టా కూర్చోవాలి, బండి ఎట్టా ఎక్కాలి, ఒక్క ముక్క లేదు. డాక్టరు చెప్పినట్టు విను, కాలు కదిలించమంటే కదిలించు.

ఇట్లు, నీ ఒక్క వాక్యపు వైద్యురాలు
హిమజ


శావల్యాపురం,
8 డిసెంబర్ 2024

హిమజకు, పళ్లు బిగబట్టి పెదనాన్న రాస్తున్నది.

మా ఇంటికి ఒక రాక్షసి వస్తోంది. పేరు షబ్నం. పేట నుంచి స్కూటీ మీద వస్తుంది. ఫిజియోథెరపీ అంట. మెడలో స్టెతస్కోపు లేదు, చేతిలో ఇంజెక్షను లేదు, మందుచీటీ రాయదు. వచ్చీ రాగానే మన కాలు పట్టుకుని వంచటమే. నేను కేకపెడితే వీధిలో కుక్కలు లేచినయ్. ఆమె మాత్రం "ఇంకొంచెం పెద్దాయనా" అంటుంది నవ్వుతూ. మన జామెట్రీ బాక్సులో ఉండేలాంటిది, పెద్దది, పట్టుకొచ్చి కాలు ఎంత వంగిందో కొలుస్తుంది. నేనేమన్నా లెక్కల పరీక్షనా?

ఇదీ ఒక చదువేనా అంట! డాక్టరు సీటు రానోళ్లు కాళ్లు పట్టుకుని బతికే చదువు. నువ్వు పెద్ద డాక్టరువయ్యాక ఇట్టాంటోళ్లని గడప తొక్కనీయమాక.

ఇట్లు, చిత్రహింసల పాలవుతున్న
రాఘవయ్య


విజయవాడ హాస్టలు,
8 డిసెంబర్ 2024

పెదనాన్నకు హిమజ ధైర్యం కూడదీసుకుని రాస్తున్నది.

ఇంట్లో నీ మాటే చెల్లుతుంది. నాన్నని అడిగితే "అన్నయ్య ఏమంటే అది" అంటాడు, అమ్మ నాన్న వైపు చూస్తుంది. కాబట్టి నేరుగా నీకే చెబుతున్నా. నాకు ఎంబీబీఎస్ వద్దు పెదనాన్నా. ఫిజియోథెరపీ చదవాలని ఉంది.

తొమ్మిదో తరగతిలో కబడ్డీ ఆడి నా చీలమండ మెలిపడింది గుర్తుందా? కట్టు కట్టి పంపారు, కట్టు విప్పాక కూడా కుంటుతూనే ఉన్నా. అప్పుడు పేటలో ఒక ఫిజియో సారు రోజూ నాతో నడిపించి, ఎగిరించి, నన్ను మళ్లీ కోర్టులో దించాడు. అప్పటి నుంచీ నాకు ఇదే ఇష్టం. నాడీకణం, కండరం, ఎముక చదువుతుంటే నాకు ఆకలి కూడా తెలియదు. మిగతాదంతా మీకోసం మింగుతున్నా. ఈసారి సీటు రాకపోతే మూడో లాంగ్‌టర్మ్ అని మాత్రం అనొద్దు. నువ్వు సరే అంటే చాలు.

ఇట్లు, నీ జవాబు కోసం గోళ్లు కొరుక్కుంటున్న
హిమజ


విజయవాడ హాస్టలు,
13 డిసెంబర్ 2024

గౌరవనీయులైన రాఘవయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. కాళ్లు పట్టుకుని బతికే చదువు అని రాశారు. అంత మాట అనాలా? వద్దు అంటే సరిపోయేది. ఇక ఆ విషయం ఎత్తను. మీరు చెప్పినట్టే చదువుతున్నాను. మీ ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
హిమజ


శావల్యాపురం,
19 డిసెంబర్ 2024

ఒసేయ్ హిమజా,

నన్ను "గారు" అంటావేంది? పైవాళ్లని పిలిచినట్టు! ఫిజియోథెరపీ అంటూ రాసిన నీ ఉత్తరం నాకు చేరకముందే నాది పోస్టులో పడింది. రెండూ దోవలో ఒకదాన్నొకటి చూసుకుని పోయినయ్. నువ్వేం రాశావో తెలియకుండా నేను తిట్టింది ఆ షబ్నాన్ని, నిన్ను కాదు.

అయినా ఇప్పుడు తెలిసింది కాబట్టి చెబుతా. నేను పడ్డానని, అది నీ ఫోటో వల్లని, నామీద జాలితో నువ్వీ చదువు అంటున్నావు. కబడ్డీ గిబడ్డీ అన్నీ కథలు. నా ఒక్క మోకాలి కోసం నీ జీవితం పాడు చేసుకోమాక. అందుకే ఏం చేశానో తెలుసా? షబ్నాన్ని ఇక రావద్దన్నా. ఆమె లేకపోయినా నా కాలు దానంతటదే బాగవుద్ది. బాగయ్యాక నువ్వే అంటావు, ఆ చదువుతో పనేముందీ అని. అప్పుడు నోరు మూసుకుని డాక్టరు చదువుతావు. ఎట్టా ఉంది నా ఎత్తు?

ఇట్లు, నీ మేలు కోరి కుంటుతున్న
పెదనాన్న


విజయవాడ హాస్టలు,
6 జనవరి 2025

తెలివి ఎక్కువైన పెదనాన్నకు హిమజ మండిపడి రాస్తున్నది.

ఆదివారం ఫోన్లో పెద్దమ్మ ఏడ్చింది. నీ కాలు కర్రలాగా బిగిసిపోయిందంట, భోజనానికి కూర్చోవాలంటే కాలు చాపటానికి ఎదురుగా ఇంకో కుర్చీ వేయాల్సి వస్తోందంట. షబ్నం అక్క దయతో చూపించిన తువ్వాలు వ్యాయామంతో మీరా సాహెబు బాబాయి చెయ్యి తల దువ్వుకునేంత పైకి లేస్తోందంట. అది చూసి నువ్వు "వాడి ఒళ్లు వేరు" అన్నావంట. ఒక చదువు పనికిరాదని నిరూపించటానికి సొంత కాలు చెడగొట్టుకున్నవాళ్లు ఈ జిల్లాలో ఇంకెవరన్నా ఉన్నారా? నువ్వేమన్నా చిన్నపిల్లాడివా?

నాది జాలి కాదు. నీమీద జాలిపడాలంటే నువ్వు కొంచెం మంచిగా ఉండాలి. అయినా వాదించి లాభం లేదు. ఒప్పందానికి వస్తావా? నువ్వు షబ్నం అక్కని మళ్లీ పిలిచి, ఆమె వంచినంతా వంచనివ్వు. నేను ఈ పరీక్ష దొంగ మనసుతో కాకుండా, నిజంగా ఒళ్లు వంచి రాస్తా, ఫిజిక్స్‌తో సహా. ఫలితం వచ్చాక ఏం చదవాలో నువ్వే చెప్పు. నువ్వు ఏది చెబితే అదే చదువుతా. మళ్లీ నోరెత్తను. నా చదువు కన్నా నువ్వు నడవటం నాకు ముఖ్యం, చెప్పలేదనొద్దు.

ఇట్లు, మాట ఇచ్చిన
హిమజ


శావల్యాపురం,
27 జనవరి 2025

మాటకి కట్టుబడే హిమజకు, మాట పడ్డ పెదనాన్న రాస్తున్నది.

ఫోను చేస్తే షబ్నం రానంది. రావొద్దని వీధంతా వినేట్టు అరిచాక ఎట్టా వస్తుంది? ఆటోలో నేనే పేట పోయా. ఆమె క్లినిక్కులో నాకంటే ముసలోళ్లు నోరు మెదపకుండా కాళ్లు ఆడిస్తున్నారు. "అమ్మా, పొరపాటయింది" అన్నా. నేను! "తిట్టుకోండి పెద్దాయనా, తిడుతూ వంచండి. ఇన్నాళ్లు పోగొట్టారు కాబట్టి మొత్తం తిరిగి వస్తుందని మాత్రం చెప్పలేను" అంది. అబద్ధం చెప్పి ధైర్యమన్నా ఇవ్వొచ్చు కదా! ఇవ్వదు.

మళ్లీ మొదలుపెట్టింది. వీధిలో కుక్కలు అలవాటు పడ్డాయి, ఇప్పుడు లేవట్లేదు. నీ ఒప్పందం నాకు బాగా నచ్చింది. ఏది చెబితే అది చదువుతానన్నావు, గుర్తుంచుకో. ఏం చెబుతానో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఫిజిక్స్ సారుకి నా నమస్కారాలు.

ఇట్లు, రోజూ ఏడుస్తున్న
రాఘవయ్య


మాచర్ల,
6 మే 2025

పెదనాన్నకు, అమ్మమ్మ ఇంటి నుంచి హిమజ.

నా ఫోను నాకు తిరిగొచ్చింది గానీ నీతో మాత్రం కాగితం మీదే మాట్లాడతా. ఫోన్లో అయితే నువ్వరుస్తావు, నేనరుస్తా, ఎవరి మాట ఎవరికీ వినపడదు. ఫలితం వచ్చేదాకా ఇక్కడే ఉంటా, అక్కడికొస్తే నువ్వు ఫ్లెక్సీ కట్టిన బస్టాండు దాటి రావాలిగా.

పరీక్ష అయింది. గేటు దగ్గర చెవిదిద్దులు, ముక్కుపుడక అన్నీ తీయించారు. ఒకమ్మాయి ముక్కుపుడక ఊడి రాకపోతే కటింగ్ ప్లేయరు తెప్పించారు. లోపల ఫిజిక్స్ చూసి నా వెనకమ్మాయి గట్టిగా "దేవుడా" అంది. అందరికీ కష్టంగానే వచ్చింది. బయటికొచ్చి చాలామంది అమ్మల్ని పట్టుకుని ఏడ్చారు. నేనేడవలేదు. మాట ఇచ్చినట్టే చదివాను పెదనాన్నా, ఈ నాలుగు నెలలూ దొంగతనం చెయ్యలేదు. బాగా రాశాను. అందుకే భయంగా ఉంది.

ఎండల్లో తిరక్కు. కాలు సంగతి రాయి.

ఇట్లు,
హిమజ


మాచర్ల,
19 జూన్ 2025

పెదనాన్నా,

నీకు పలకరింపు కూడా దండగ.

మూడుసార్లు ఫోన్ చేశా, ఎత్తలేదు. ఈ మార్కుకి ఎక్కడో ఒకచోట ఎంబీబీఎస్ సీటు వస్తుందని మా సార్లే ఫోన్ చేసి చెప్పారు. ఫలితం వచ్చిన పూటే నాన్న నీకు చూపించాడు. మరి నిన్న మన ఊళ్లో నాతో చదివిన దేవిక ఫోన్ చేసి, "బాధపడమాకే, నీకు ర్యాంకు రాలేదంట కదా, మీ పెదనాన్నే టీ కొట్టు దగ్గర చెప్పాడంట" అని నన్ను ఓదార్చింది! మీరా సాహెబు బాబాయి నాన్న దగ్గరికొచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నాడంట.

నేను ఫెయిలయ్యానని నువ్వు ఊరంతా చెప్పావా? నాలుగు నెలలు నీకోసమే చదివాను. వచ్చింది. నీకు కావలసిందే వచ్చింది. అయినా నన్ను ఎందుకిట్టా చేశావు? ఫిజియోథెరపీ అన్నానని కక్షా? మాట తప్పుతానని అనుమానమా? నువ్వు చదవమన్నది చదువుతానని చెప్పానుగా. చెప్పు మరి, ఏం చదవాలో.

హిమజ


శావల్యాపురం,
22 జూన్ 2025

నా తల్లికి, ఫోను ఎత్తటానికి ధైర్యం చాలని పెదనాన్న రాస్తున్నది.

ఫోన్లో అయితే నేను మధ్యలోనే అరిచేవాణ్ణి. కాగితానికి ఆ బాధ లేదు.

పధ్నాలుగో తారీకు మీ నాన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు. మా తమ్ముడు పరిగెత్తటం చిన్నప్పుడు గిత్త తరిమినప్పుడే చూశా. నీ మార్కు చూసి నాకు ఎగరాలనిపించింది. ఎగరలేను కాబట్టి మీ పెద్దమ్మని కేకేశా. ఊళ్లో అందరికీ చెబుదామని చొక్కా వేసుకున్నా. బొత్తాలు పెట్టుకుంటుంటే నువ్వు మే నెలలో రాసిన ముక్క మనసులో మెదిలింది. "బాగా రాశాను, అందుకే భయంగా ఉంది" అని. అప్పుడు చదివి ఏదో పిల్ల పిచ్చి రాతలే అనుకున్నా. ఇప్పుడు అర్థమై బొత్తాలు మళ్లీ ఊడదీశా. పిల్లలు సరిగ్గా రాయలేదని భయపడతారు. బాగా రాశానని భయపడే పిల్లని చేసింది నేనే కదా! సీటొస్తే నేను డాక్టరు చదువే చదవమంటానని భయపడుతూ కూడా, ఇచ్చిన మాట కోసం ఫిజిక్స్ చదివావు. నువ్వు మాట నిలబెట్టుకున్నావు. ఇంకా నిన్ను పట్టుకుని కూర్చుంటే నేనేం మనిషిని?

నేను ఏది చెబితే అది చదువుతానన్నావు. చెబుతున్నా, విను. ఫిజియోథెరపీకి దరఖాస్తు పెట్టు. మీ నాన్నకి చెప్పేశా. "అన్నయ్యా, ఆలోచించావా" అన్నాడు. వాడు నాకు ఎదురు మాట్లాడటం అదే మొదలు, సంతోషించా. అయినా ఆలోచించే చెప్పానన్నా.

ఇక ఊరి సంగతి. డాక్టరు సీటు వచ్చీ వదులుకున్నావని తెలిస్తే వీళ్లు నిన్ను బతకనిస్తారా? పెళ్లికి పోయినా, దినానికి పోయినా "ఆ పిల్లేరా, డాక్టరు కాదనుకుని కాళ్లు వంచే చదువుకి పోయింది" అని చూపుడు వేళ్లే. రేపు నీ చదువులో ఏ చిన్న కష్టమొచ్చినా "చెప్పలేదా" అంటారు. సీటు రాలేదంటే నాలుగు రోజులు అయ్యో అని, పత్తి రేటు దగ్గరికి పోతారు. నీకు ముందే చెబితే నువ్వు ఒప్పుకోవు. అందుకే చెప్పకుండా పోయి టీ కొట్టు దగ్గర చెప్పేశా.

"ఏం పెద్దాయనా, డాక్టరో డాక్టరో అన్నావు, ఏమైంది?" అని ఒకడు అడిగాడు. "రాలేదబ్బాయ్" అన్నా. నవ్వారు. నవ్వనిచ్చా. ఎంపీటీసీకి నిలబడి ఓడినప్పుడు కూడా రీకౌంటింగు అడిగినోణ్ణి, ఓడిపోయామని నా నోటితో అన్నది ఇదే. అనేసి ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిన్నా.

నువ్వు ఏడుపు ఆపి బస్సెక్కు. నిన్ను చూసి ఎవరన్నా అయ్యో అంటే తల వంచుకుని అవునను. అంతకంటే నటించమాక, నీకు చేతకాదు. నిజం ఇంట్లో వాళ్లకి, షబ్నానికి మాత్రమే తెలుసు. ఆమెకెందుకు చెప్పానంటే, నువ్వు చదవబోయేది ఆమె చదువేగా, ఒక మాట చెప్పటం మర్యాద అనిపించింది. విన్నది. కాలు కొలిచే ఆ జామెట్రీ సామాను సంచిలోనే ఉంచి, ఆ రోజు కాలు కొంచెం మెల్లగా వంచింది.

ఇట్లు, నీ పెదనాన్న
రాఘవయ్య